నలభై ఆరు బార్ల ఖాళీ

మా ఇంట్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఎవరూ అంకెలు పలకకూడదు. టైమెంతైందని అడగకూడదు, ఎవరైనా అడిగినా చెప్పకూడదు. పాలు ఎన్ని కావాలో వేళ్ళతో చూపించాలి. నాకు ఎక్కాలు అప్పజెప్పాలని ఎంత ఉత్సాహం పుట్టుకొచ్చినా ఆరు దాటేదాకా మింగి కూర్చోవాలి. ఇదేదో పట్టింపు అనుకునేరు, కాదు. మా నాన్న ఆర్కెస్ట్రాలో మొదటి ట్రంపెట్. ఆ రెండు గంటలూ ముందు గదిలో సాధన చేసేవాడు.

ట్రంపెట్ వాడి పని ఊదడమే అనుకుంటారు అందరూ. పెళ్ళయ్యాక మా అత్తగారికి ఇది విడమరిచి చెప్పేసరికి నాకు తాతలు దిగొచ్చారు. వయొలిన్ల వాళ్ళు మొదలెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా గీస్తూనే ఉంటారు. ట్రంపెట్ వాళ్ళు మాత్రం వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని, తమ వంతు వచ్చేదాకా లెక్కపెడుతూ కూర్చుంటారు. నాలుగు దెబ్బల తాళాన్ని వాళ్ళు ఒక బారు అంటారు. నాన్న కాగితం మీద ఒకచోట లావుపాటి గీత, దాని నెత్తిన 46 అన్న అంకె ఉండేది. నలభై ఆరు బార్లు ఊరుకుని, నలభై ఏడోదానికి ఊదమని దానర్థం. ఊదడం పావు వంతు, ఊరుకోవడం ముప్పావు వంతు అనేవాడు నాన్న. ఊరుకోవడం కూడా సాధన చేయాల్సిందేనని ఆయన సిద్ధాంతం. అందుకే ఇంట్లో ఆ ఖాళీలన్నీ పూర్తిగా, ఒక్క దెబ్బ కూడా వదలకుండా, నిలబడి లెక్కపెట్టేవాడు.

"ఒకటి రెండు మూడు నాలుగు. రెండు రెండు మూడు నాలుగు. మూడు రెండు మూడు నాలుగు." మొదటి అంకె ఎన్నో బారో చెబుతుంది, మిగతావి తాళం. నాకు మాటలతో పాటు వచ్చిన లెక్క ఇదే. బళ్ళో వేసిన కొత్తలో అంకెలు చెప్పమంటే ఇలాగే గడగడా అప్పజెప్పాను. టీచరు మా అమ్మని పిలిపించి, పిల్లని డాక్టరుకి చూపించమంది. అమ్మ నవ్వాపుకోలేక, "డాక్టరుకి కాదండీ, వాళ్ళ నాన్నకి చూపిస్తాను" అని వచ్చేసింది.

ఒకసారి కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడు. పాపం ఆయనకేం తెలుసు. వరండాలో నిలబడి మీటరు మీది అంకెలన్నీ పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. లోపల నాన్న ఎనభై ఏడో బారులో ఉన్నాడు. తలుపు తెరుచుకుని ట్రంపెట్‌తో సహా బయటికొచ్చి, "బాబూ, మీ ఉద్యోగంలో కాస్త మనసులో చదువుకునే పద్ధతి లేదా?" అని అడిగాడు. ఆ పై నెల నుంచి ఆయన మా గేటు దగ్గరికి రాగానే పెదవులు బిగించుకునేవాడు. నాన్న మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం, అమ్మ వంటింట్లో తల కొట్టుకోవడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. 

ఊళ్ళో అందరూ ఒకరికొకరు ఉచితంగా బాకాలూదుకుంటుంటే, జీతం తీసుకుని బాకా ఊదిన ఏకైక మనిషి మీ నాన్న అనేది అమ్మ. ఆవిడ మా వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. నాన్న పై పెదవి మీద మౌత్‌పీసు నొక్కీ నొక్కీ పడ్డ గుండ్రటి మచ్చ ఉండేది. పెళ్ళిచూపుల్లో అమ్మ దాన్ని చూసి, ఈయన ఏదో ఒక పని విడవకుండా చేసే రకం అనుకుని ఒప్పుకుందట. మౌత్‌పీసు చల్లగా ఉంటే పెదవి మాట వినదని నాన్న దాన్ని ఎప్పుడూ ప్యాంటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. నా చిన్నతనంలో ఆయన ఒళ్ళో కూర్చుంటే అది తొడకి గుచ్చుకునేది.

తాతయ్య ఫైర్ స్టేషన్లో డ్రైవరు. అక్కడి బ్యాండు వాళ్ళు మూలన పడేసిన సొట్టల ట్రంపెట్ మీద నాన్న ఊదడం నేర్చుకున్నాడు. గంట మోగితే ఇంజనుతో పాటు గురువు కూడా వెళ్ళిపోయేవాడట, పాఠం సగంలో ఆగిపోయేది. ఆర్కెస్ట్రాలో ఉద్యోగానికి పరీక్ష మాత్రం తెర వెనక నిలబడి ఊదాలి. మనిషెవరో తెలియకుండా పేరు బదులు నంబరు ఇస్తారు. అడుగుల చప్పుడు కూడా తెలియకూడదని నేల మీద తివాచీ పరుస్తారు. నాన్నది అయిదో నంబరు. బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్న ఆరో నంబరు మనిషికి ట్రంపెట్ మీట అతుక్కుపోయి, చెమటలు పడుతున్నాయి. నాన్న తన నూనె సీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు అయిదో నంబరుకి మొదటి ట్రంపెట్, ఆరో నంబరుకి రెండో ట్రంపెట్ ఉద్యోగాలొచ్చాయి.

ఆయనే మా రెండో మామయ్య. మొదటి మామయ్య ఎవరని అడక్కండి, లేడు. రెండో ట్రంపెట్ కాబట్టి రెండో మామయ్య. ఆదివారం వచ్చాడంటే మా ఇంట్లో పైకప్పు లేచిపోయేది. "ఏరా, నూనె ఇవ్వకుండా ఉంటే ఈ పాటికి నన్ను వదిలించుకునేవాడివి కదరా" అనేవాడు. "తెలిస్తే ఆముదం ఇచ్చేవాణ్ణిరా" అనేవాడు నాన్న. ఇద్దరూ ఏరా అంటే ఏరా. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన అమ్మని చెల్లెమ్మా అనేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక పెద్ద రచన ఎత్తుకున్నారు. కోట ముట్టడిలో ఉంటుంది. లోపలి జనం ఆశ వదులుకున్న సమయంలో దూరం నుంచి రెండుసార్లు ట్రంపెట్ పిలుపు వినిపిస్తుంది, సాయం వస్తోందని. దూరం నుంచి అంటే నిజంగా దూరం నుంచే. నాన్న వేదిక మీద కాకుండా, పక్క తలుపు బయట నడవలో నిలబడి ఊదాలి. నడవలోంచి కండక్టరు, అంటే ముందు నిలబడి చేతులూపుతూ అందరినీ నడిపించే ఆయన, కనిపించడు. లోపల వయొలిన్లు గుసగుసలాడినంత మెల్లగా వాయిస్తుంటాయి. అందుకని వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. రెండో మామయ్య ఓరగా తెరిచిన తలుపు సందుకి కన్ను ఆనించి కండక్టరుని చూస్తూ, ఒక చెయ్యి వెనక్కి చాపి ఉంచేవాడు. నాన్న ట్రంపెట్ ఎత్తిపట్టుకుని, కళ్ళు మూసుకుని, నలభై ఆరు బార్లు లెక్కపెట్టేవాడు. సమయం రాగానే మామయ్య నాన్న ఎడమ మోచెయ్యి తట్టేవాడు. తట్టగానే ఊదాలి. లెక్కకీ తట్టడానికీ తేడా వస్తే, తట్టడమే గెలవాలి. చూసేవాడి చేతిని లెక్కపెట్టేవాడు నమ్మాలన్నది వాళ్ళ నియమం.

ఆ సాయంత్రం నేను నడవలో ఉంటానని మారాం చేశాను. నాన్న ఒప్పుకున్నాడు, నోరు విప్పకూడదన్న షరతు మీద. ఆయన నల్లకోటు బిగుతైపోయిందని అమ్మ మధ్యాహ్నమే చేతుల కుట్లు విప్పి వదులు చేసింది. తను ఇంకెవరి బట్టలో పూర్తిచేసి వెనక వస్తానని, నన్ను పంపిస్తూ చెప్పింది. "కంగారులో కుట్టాను. ఎక్కడన్నా కచ్చా కుట్టు దారం కనిపిస్తే తీసెయ్యి. నల్లకోటు మీద తెల్లదారం అందరికీ కనిపిస్తుంది."

నడవలో ఒకే ఒక్క లైటు ఉంది. మామయ్య కన్ను తలుపు సందులో. నాన్న కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. నేనూ మనసులో లెక్కపెడుతూ నాన్న వెనకే నిలబడ్డాను. ముప్పై ఎనిమిదో బారు దగ్గర నాకు ఆ దారం కనిపించింది. ఎడమ మోచెయ్యి దగ్గర, రెండంగుళాలు వేలాడుతోంది. అమ్మ చెప్పిన పని గుర్తొచ్చింది. నోరు విప్పొద్దన్నారు గానీ ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. మెల్లగా రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. దారం నా చేతిలోకి వచ్చింది. నాన్న ఊదేశాడు.

అది నలభై నాలుగో బారు. లోపల వయొలిన్లు ఇంకా గుసగుసల్లోనే ఉన్నాయి. మూడు స్వరాలు పలికాక నాన్నకి తెలిసిపోయింది, ఆపేశాడు. రెండు బార్ల తర్వాత సరైన చోట మళ్ళీ మొదలుపెట్టి మొత్తం పిలుపు ఊదాడు. ఎంతో బాగా ఊదాడు, కానీ అప్పటికే హాలంతా ఒకసారి ఉలిక్కిపడింది. మర్నాడు పేపర్లో, సాయం తెచ్చేవాడు గుమ్మం తట్టుకుని పడ్డాడని ఒక వాక్యం రాశారు.

విరామంలో కండక్టరు వచ్చి మండిపడ్డాడు. "తప్పు నాదే సార్. లెక్క తప్పాను" అన్నాడు నాన్న.  ఆయన వెళ్ళాక, కోట్లు తగిలించుకునే గదిలో నాన్నా మామయ్యా మిగిలారు. నేను తలుపు పక్కన, పిడికిలిలో దారంతో.

"ఎందుకు తట్టావురా?" అన్నాడు నాన్న.

"నేను తట్టలేదురా."

"నా మోచేతికి తెలీదా?"

"నా చేతికి తెలీదా?"

"పెద్దాయన ముందు నీ పేరెత్తలేదు కదరా. నాతోనైనా నిజం చెప్పు."

"నిజమే చెబుతున్నాను. నీ లెక్క తప్పి నా మీద పెడతావేంట్రా?"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ గదిలో అబద్ధమాడుతున్నది నోరు విప్పనిది ఒక్కతే. నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో నాకు పేరు. ఆ ఒక్క గింజ మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళు నానింది.

ఎందుకు చెప్పలేదంటే, మొదటి రోజు భయం. మూడో రోజుకి, రేపో మాపో వాళ్ళే కలిసిపోతారన్న నమ్మకం. నెలయ్యాక మరీ భయం, ఎందుకంటే ఆ పై ఏడాది నాన్న వేదిక ముందు ఒంటరిగా నిలబడి వాయించాల్సిన కచేరీని ఎవరో బయటి ఊరాయనకి ఇచ్చేశారు. నాన్న పేరుతో వేసిన పోస్టర్లు మా ఇంట్లో అటకెక్కాయి. మరోసారి ఆ అవకాశం రాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మరో ఇరవై ఎనిమిదేళ్ళు వాళ్ళిద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. కానీ ఏరా పోయి మీరు వచ్చింది. "పేజీ తిప్పమంటారా?" "తిప్పండి." "మీ పెన్సిల్ ఒకసారి ఇస్తారా?" "తీసుకోండి." తిట్టుకున్నా బాగుండేది. ఆ మర్యాద వినలేకపోయేదాన్ని. ఆదివారాలు మా ఇల్లు చప్పబడిపోయింది. నా పెళ్ళికి మామయ్య వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. కోట పిలుపు మళ్ళీ ఎప్పుడు వచ్చినా నాన్న నడవలో ఒంటరిగానే నిలబడి లెక్క మీద ఊదాడు. ఒక్కసారీ తప్పలేదు. ఇంతలో లెక్క తప్పించిన నేను పోయి పోయి లెక్కల టీచర్నయ్యాను.

మూడేళ్ళ కిందట మామయ్యకి ముందు పన్ను విరిగింది. ట్రంపెట్ వాడికి ముందు పన్ను పోతే ఉద్యోగం పోయినట్టే. వీడ్కోలు సభలో నాన్న ఆయనకి నమస్కారం పెట్టి, "ఆరోగ్యం చూసుకోండి" అన్నాడు.

ఇప్పుడు నాన్న వంతు వచ్చింది. ఆఖరి కచేరీకి గౌరవంగా ఉంటుందని కొత్త కండక్టరమ్మ కోట రచననే ఎంచుకుంది. ఆవిడకేం తెలుసు. వారం ముందు అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాన్న చీటీ రాస్తున్నారే. ఒంట్లో బాగాలేదు, ఆదివారం రాలేనని."

"ఏమైంది?"

"ఎడమ చెవి వినిపించడం లేదు. ఇన్నాళ్ళూ మనకి చెప్పలేదు. వేదిక మీదైతే కండక్టరు కనిపిస్తుంది కాబట్టి నెట్టుకొచ్చారు. నడవలో నిలబడితే ఆ మెల్లటి వయొలిన్లు వినపడవట. లెక్క కూడా మధ్యలో జారిపోతోందట."

నడవలో ఇప్పుడొక టీవీ పెట్టారు, కండక్టరు చెయ్యి అందులో కనిపిస్తుంది. కానీ అది అర క్షణం ఆలస్యంగా చూపిస్తుంది. తెర మీద చెయ్యి దిగేసరికి అసలు చెయ్యి లేచిపోతుంది. ఇప్పుడు రెండో కుర్చీలో ఉన్న అమ్మాయి తలుపు దగ్గర నిలబడి తడతానందట. "వద్దమ్మా. ఒకసారి ఒక చేతిని నమ్మాను, చాలు" అన్నాడట నాన్న. నలభై ఏళ్ళు ఊదిన మనిషి ఆఖరి కచేరీ ఎగ్గొట్టి ఇంట్లో కూర్చుంటాడన్నమాట. నేను ఫోన్ పెట్టేసి బడికి సెలవు చెప్పి బయల్దేరాను.

మామయ్య ఇప్పుడు ఇంటి ముందు గదిలో వాయిద్యాలు బాగుచేస్తున్నాడు. గోడకి గొట్టాలూ గరాటాలూ వేలాడుతున్నాయి. నేను వెళ్ళేసరికి ఒక ట్రంపెట్ గొట్టాన్ని ఇనపకడ్డీకి తొడిగి, చెక్కసుత్తితో సొట్ట తీస్తున్నాడు. విషయం చెప్పాను. తలెత్తలేదు.

"రమ్మన్నది ఆయనా, నువ్వా?"

"నేనే."

"చూడమ్మా. తట్టలేదంటే తట్టావన్న మనిషి. ఇప్పుడు వెళ్ళి తడితే తట్టలేదంటాడు. మా ఇద్దరికీ పొసగదు."

"మామయ్యా, నువ్వు తట్టలేదు. నేను తట్టాను."

సుత్తి ఆగింది. నేను ఆగలేదు. దారం సంగతి, అమ్మ మాట సంగతి, పిడికిలి సంగతి, అంతా చెప్పేశాను. ఏడుపొచ్చింది. ఆయన సుత్తి పక్కన పెట్టాడు. ఊరుకోమ్మా చిన్నపిల్లవి అంటాడనుకున్నాను. అనలేదు.

"ఒక రెండేళ్ళు మీ నాన్న మీద కోపంతో ఉన్నాను" అన్నాడు. "తర్వాత నామీద నాకే అనుమానమొచ్చింది. నేనే తట్టానేమో, నా చెయ్యి నాకు తెలియకుండా కదిలిందేమో అని. రోజూ ఈ చెయ్యి చూసుకునేవాణ్ణి. ఇంతకాలం నా చేతినే నేను నమ్మలేదమ్మా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాకు చెప్పావు, సరే. వాడికి కూడా నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మడు" అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆయన నోట 'ఆయన' పోయి 'వాడు' వచ్చిందని వీధిలోకొచ్చాక గాని నాకు తట్టలేదు.

పుట్టింటికి చేరేసరికి నాలుగున్నర. అమ్మ తలుపు తీసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. నలభై ఏళ్ళ అలవాటు, చీటీ రాసినా సాధన ఆగలేదు. ముందు గదిలో నాన్న నిలబడి ఉన్నాడు, కళ్ళు మూసుకుని, ట్రంపెట్ పొట్టకి ఆనించుకుని. పెదవులు కదులుతున్నాయి. నేను ఎదురుగా నిలబడి ఆయన పెదవులతో పాటు లెక్కపెట్టాను. పంతొమ్మిది రెండు మూడు నాలుగు. ఇరవై రెండు మూడు నాలుగు. ఇరవై మూడు దగ్గర ఆయన పెదవులు తడబడ్డాయి, మళ్ళీ ఇరవై రెండు అన్నాయి. 

"ఇరవై మూడు, నాన్నా" అన్నాను పైకి.

కళ్ళు తెరిచాడు. ఆ గదిలో ఆ వేళప్పుడు నాన్న కాక అంకె పలికిన మొదటి మనిషిని నేనే.

అప్పుడు చెప్పాను. ఈసారి ఏడవలేదు, లెక్క చెప్పినట్టు వరసగా చెప్పాను. ముప్పై ఎనిమిదో బారులో దారం చూశాను, నలభై నాలుగో బారులో లాగాను. నాన్న ట్రంపెట్ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"అయితే వాడు అబద్ధమాడలేదు" అన్నాడు.

"లేదు నాన్నా."

"వాడు నిజమే చెప్పాడు. నేను నమ్మలేదు." అరచేతులతో మొహం కప్పుకున్నాడు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని నావైపు చూశాడు. "తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు చేసింది తప్పు కాదు. పంతొమ్మిదేళ్ళకి చెప్పకపోవడం తప్పు. ఇరవై తొమ్మిదికి ఇంకా పెద్ద తప్పు. నువ్వు పిల్లలకి లెక్కలు చెబుతావు, నీకు నేను చెప్పక్కర్లేదు."

"అవును" అన్నాను. 

గుమ్మం దగ్గర అమ్మ నిలబడి అంతా విన్నది. "అయితే ఆ దారం వదిలేసింది నేనా?" అంది. "ముప్పై ఏళ్ళుగా అన్నయ్యగారు మన గడప తొక్కకపోవడానికి నా కచ్చా కుట్టా కారణం?" ఎవరిదీ కాకుండా ఇన్నేళ్ళు తిరిగిన తప్పుని ఒక్క పూటలో అందరం నాదంటే నాదని లాక్కున్నాం. నాన్న నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియని మొహం పెట్టి ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. పుస్తకం చూడకుండా నంబరు తిప్పాడు.

"నేనండీ. ఆదివారం నాలుగింటికి కచేరీ. తలుపు దగ్గర... వస్తారా?"

అవతల ఏమన్నాడో వినపడలేదు. నాన్న ఫోన్ పెట్టేసి, బల్ల మీద చీటీని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు.

ఆదివారం నడవలో ముగ్గురం నిలబడ్డాం. లైటు మారింది, టీవీ ఒకటి వచ్చింది, మిగతా అంతా అదే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. "కుశలమేనా అండీ?" "ఆఁ, కుశలమే." చెరో అరవై దాటిన మొహమాటం. మామయ్య జేబులోంచి చిన్న నూనె సీసా తీసి ఇచ్చాడు. నాన్న మీటలకి రెండేసి చుక్కలు వేసుకుని తిరిగిచ్చాడు. నా వైపు తిరిగి ఎదురు గోడ చూపించాడు. "నువ్వక్కడ. చేతులు వెనక్కి." నలభై ఏళ్ళదాన్ని, బళ్ళో పిల్లలా చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాను.

మామయ్య కన్ను తలుపు సందుకి ఆనింది. చెయ్యి వెనక్కి చాచాడు.  నాన్న కళ్ళు మూసుకున్నాడు. లోపల వయొలిన్లు మెల్లగా మొదలయ్యాయి. నాకు వినిపిస్తున్నాయి, ఆయనకి వినిపించవు. పెదవులు కదలడం ఇరవైలోనే ఎక్కడో ఆగిపోయింది. ఆయన లెక్క వదిలేశాడని నాకర్థమైంది. ఇక ఆయనకి ఉన్నదల్లా ఆ చెయ్యే. నలభై మూడు రెండు మూడు నాలుగు. నలభై నాలుగు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. చెయ్యి కదల్లేదు. నలభై అయిదు. నలభై ఆరు రెండు మూడు, మామయ్య నాన్న మోచెయ్యి తట్టాడు.

పిలుపు వెళ్ళింది. ఏం ఊదాడో చెప్పడం నా తరం కాదు. చిన్నప్పుడు మా ముందు గది తలుపు కిందనుంచి వచ్చిన స్వరమే అది, ఇంకా అంతే శుభ్రంగా ఉంది. నేను ఏడుస్తూనే ఉన్నాను, చేతులు మాత్రం విప్పలేదు.

ఆఖరి స్వరం అయ్యాక నాన్న ట్రంపెట్ దించాడు. కళ్ళు తెరిచి, తలుపు దగ్గరున్న వీపుని చూస్తూ, గుసగుసగా అడిగాడు.

"ఏరా, తట్టావా?"

మామయ్య సందులోంచి కన్ను తీయలేదు. భుజాలు మాత్రం ఒక్కసారి ఎగసిపడ్డాయి.

"తట్టానురా."

"అవును. తట్టావు."

రెండో పిలుపుకి ఇంకా ముప్పై రెండు బార్లు ఉన్నాయి. మామయ్య చెయ్యి మళ్ళీ వెనక్కి చాచాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆయన కోసం నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, మనసులో. ఒకటి రెండు మూడు నాలుగు. రెండు రెండు మూడు నాలుగు.